దగ్గరి నీళ్లు, దూరపు నీళ్లు: షిగా గవర్నర్ యుకికో కథ

(ఏలూరులో ఒక సాయంత్రం సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ఒకసారి చెయ్యెత్తండి. సరే. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, మొహమాటపడకుండా వచ్చి కూర్చోండి.

ఈరోజు నేను చెప్పబోయేది జపాన్‌లో ఒక గవర్నరమ్మ గురించి. గవర్నర్ అనగానే మీకు రాజ్‌భవనూ, ప్రమాణ స్వీకారాలూ గుర్తొస్తాయి. అది కాదు. జపాన్‌లో 47 ప్రిఫెక్చర్లు ఉన్నాయి. మన జిల్లా కంటే ఎక్కువ అధికారం, మన రాష్ట్రం కంటే తక్కువ అధికారం, అలా అనుకోండి. ఒక్కోదానికి ఒక గవర్నర్. కేంద్రం పంపించే మనిషి కాదు, జనం నేరుగా ఓటేసి గెలిపించుకునే మనిషి. బడ్జెట్ తయారు చేసేది ఆయనే, రోడ్డు కావాలన్నా వద్దన్నా ఆయనే. అక్కడి అసెంబ్లీకి కూడా విడిగా ఎన్నికలు జరుగుతాయి. అంటే ఏమిటి? గవర్నర్‌గా గెలిచినా అసెంబ్లీలో ఒక్క మనిషి కూడా మనవైపు లేకపోవచ్చు. ఇది గుర్తుపెట్టుకోండి, కాసేపటికి అవసరం పడుతుంది.

ఇందాక "ఆయనే, ఆయనే" అన్నాను, గమనించారా? ఊరికే అనలేదు. జపాన్‌లో ఆడవాళ్లు మొట్టమొదట ఓటేసింది 1946 ఏప్రిల్‌లో. ఆ ఒక్క ఎన్నికలోనే 39 మంది ఆడవాళ్లు పార్లమెంటుకి వెళ్లారు. మొదటి దెబ్బకే 39 మంది! మరుసటి ఏడాది, 1947 నుంచి గవర్నర్లకి ఎన్నికలు మొదలయ్యాయి. మరి మొదటి మహిళా గవర్నర్ ఎప్పుడు గెలిచారు? ఎవరైనా చెప్తారా? అరవైల్లోనా? కాదు. డెబ్బైల్లోనా? కాదు. 2000లో. యాభై మూడేళ్లు పట్టింది. 47 ప్రిఫెక్చర్లు, యాభై మూడేళ్లు, అన్ని ఎన్నికలు, ఒక్కరూ లేరు. మేయర్లలో అయితే 1991లో అషియా అనే ఊళ్లో కితమురా హరుఎ అనే ఆవిడ గెలిచారు, దేశం మొత్తంలో తొలి మహిళా మేయర్ ఆవిడే. అది కూడా 1991 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ హాల్లో సర్పంచులుగా, ఎంపీటీసీలుగా చేసిన ఆడవాళ్లు కనీసం పది మంది ఉంటారు, మొహాలు నాకు తెలుస్తూనే ఉన్నాయి. మీకు రిజర్వేషన్ ఉంది, సగం సీట్లు మీవి. "సంతకం మాత్రం భర్తదే కదా" అని వెక్కిరించేవాళ్లు ఉంటారు, ఉండనివ్వండి. జపాన్‌లో ఆ సగం కూడా లేదు. 2018లో ఒక చట్టం చేశారు, పార్టీలు ఆడవాళ్లనీ మగవాళ్లనీ వీలైనంత సమానంగా నిలబెట్టడానికి ప్రయత్నించాలని. ప్రయత్నించకపోతే ఏమవుతుంది? ఏమీ అవదు. శిక్ష లేదు.

ఆ మొదటావిడ గురించి రెండు ముక్కలు చెప్పి అసలు కథలోకి వస్తాను. ఒసాకాలో అప్పటి గవర్నర్ హాస్యనటుడు. ఎన్నికల ప్రచారంలో పనిచేసిన ఒకమ్మాయితో అసభ్యంగా ప్రవర్తించిన కేసులో రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ ఖాళీలో 2000 ఫిబ్రవరిలో ఓతా ఫుసాఎ గెలిచారు. కేంద్రంలో వాణిజ్య, పరిశ్రమల శాఖ ఆఫీసరుగా పైకి వచ్చినావిడ. పెద్ద పార్టీలన్నీ ఆవిడ వెనకే. గెలిచిన మరుసటి నెలే ఒసాకాలో సుమో పోటీలు. గెలిచిన పహిల్వానుకి గవర్నర్ కప్పు బరిలోకి వెళ్లి ఇవ్వడం ఆనవాయితీ. బరి అంటే మట్టితో కట్టిన దిబ్బ, అక్కడ దాన్ని పవిత్రంగా చూస్తారు. ఆడవాళ్లు ఎక్కకూడదు. ఈవిడ "నేను గవర్నర్ని, నేనే ఇస్తాను" అన్నారు. సుమో సంఘం కుదరదంది. మరుసటి ఏడాది మళ్లీ అడిగారు, మళ్లీ కుదరదన్నారు. ఎనిమిదేళ్లు గవర్నర్‌గా ఉండి, ఒక్కసారి కూడా ఆ కప్పు చేతులతో ఇవ్వలేకపోయారు. ప్రతిసారీ కింద పనిచేసే మగ అధికారి వెళ్లి ఇచ్చొచ్చాడు. బడ్జెట్ మీద సంతకం పెట్టొచ్చు, మట్టి దిబ్బ ఎక్కకూడదు!

ఆవిడ గెలిచిన 2000లోనే కుమమోతోలో షియోతాని యోషికో, 2001లో చీబాలో దోమోతో అకికో, 2003లో హొక్కైదోలో తకహాషి హరుమి. 2006లో ఐదో ఆవిడ, షిగా ప్రిఫెక్చర్‌లో. నా కథ ఈ ఐదో ఆవిడది. పేరు యుకికో, ఇంటిపేరు "కదా". నవ్వకండి, నిజంగానే ఆవిడ ఇంటిపేరు అది. వాక్యం చివర వస్తే మీరూ నేనూ ఇద్దరం తికమక పడతాం కాబట్టి యుకికో అనే అంటాను.

మొదటావిణ్ణి వదిలేసి ఐదో ఆవిడెందుకు? ఈవిడ పదవిలో ఉన్న గవర్నర్‌ని ఓడించి కూర్చున్నారు. ఆయన వెనక అధికార పార్టీ, పెద్ద ప్రతిపక్షం, ఇంకో పార్టీ, మూడూ కలిసికట్టుగా ఉన్నాయి. ఈవిడకి తోడుగా నిలిచింది ఒక చిన్న పార్టీ, కొంతమంది మామూలు జనం. అంతకుముందు రాజకీయాల్లో లేరు. కలెక్టరు లాంటి ఉద్యోగం చేసినావిడా కాదు. మరేం చేసేవారు? ఊళ్లమ్మట తిరిగి, ముసలమ్మల పక్కన కూర్చుని, "అమ్మా, మీ చిన్నప్పుడు నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకునేవాళ్లు, పిల్లల గుడ్డలు ఎక్కడ ఉతికేవాళ్లు" అని అడిగేవారు. పాతికేళ్లు అదే పని.

అది అర్థం కావాలంటే ముందు ఆ సరస్సు గురించి చెప్పాలి.

షిగా అంటే బివా సరస్సు. జపాన్‌లో అన్నిటికంటే పెద్దది, సుమారు 670 చదరపు కిలోమీటర్లు. ఆ ప్రిఫెక్చర్‌లో ఆరో వంతు నీళ్లే. వయసు చెప్తే నమ్మరు, దాదాపు 40 లక్షల ఏళ్లు. చుట్టూ కొండల మీంచి వందల కొద్దీ వాగులూ నదులూ వచ్చి కలుస్తాయి. బయటికి వెళ్లే సహజమైన నది మాత్రం ఒక్కటే, సేతా. అదే కిందికి వెళ్లి యోదో అవుతుంది, ఒసాకా తాగేది ఆ నీళ్లే. క్యోతో అయితే 1890లోనే కొండల్ని తొలిచి కాలవ తవ్వుకుని ఈ నీళ్లు తీసుకెళ్లింది. మొత్తం మీద కోటీ నలభై లక్షల మంది దాకా ఈ సరస్సు నీళ్ల మీద బతుకుతున్నారు. షిగా జనాభా చూస్తే పద్నాలుగు లక్షలే.

మనం కొల్లేరు పక్కన కూర్చుని మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఒక మాట. బివా 1993లో రామ్‌సార్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల జాబితాలోకి వెళ్లింది, కొల్లేరు 2002లో. ఒకే జాబితాలో ఉన్నాయి రెండూ. యుకికో గవర్నర్ అయిన 2006లోనే ఇక్కడ చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. మీలో చాలామందికి గుర్తుంది, కొంతమందికి ఇంకా మంట కూడా ఉంది. ఆ గొడవలోకి ఇప్పుడు వెళ్లను, వెళ్తే రాత్రి పదయినా తేలదు.

1977 మే నెలలో బివా సరస్సు నీళ్లు ఎర్రగా మారి కంపు కొట్టాయి. నీళ్లలో పోషకాలు ఎక్కువైపోతే సూక్ష్మజీవులు విపరీతంగా పెరుగుతాయి, దానివల్ల వచ్చిన ఎరుపు. బట్టల పౌడర్లలో ఉండే ఫాస్ఫరస్ కూడా ఒక కారణమని తేలింది. ఎవరు కదిలారు? గృహిణులు. ఇంటింటికీ తిరిగి "ఆ పౌడర్ మానేద్దాం, పాత సబ్బుకి వెళ్దాం" అన్నారు. వాడేసిన వంట నూనె పోగుచేసి సబ్బు చేయించారు. అప్పటి గవర్నర్ తకెమురా మసయోషి వాళ్ల వెంట నిలబడ్డారు. 1979లో ప్రిఫెక్చర్ చట్టం చేసింది, 1980 జూలై 1 నుంచి అమలు: ఫాస్ఫరస్ ఉన్న పౌడర్ వాడకూడదు, అమ్మకూడదు. కంపెనీలు మొదట ఎగిరెగిరి పడ్డాయి. తర్వాత ఏం చేశాయి? ఫాస్ఫరస్ లేని పౌడర్ తయారు చేసి అమ్ముకున్నాయి! సబ్బు ఉద్యమం అక్కడితో చల్లబడిపోయింది. గెలిచి చల్లబడింది, అది వేరే సంగతి.

ఆ సెగ ఇంకా తగ్గకముందే, ఎనభైల మొదట్లో, యుకికో షిగా ప్రిఫెక్చర్ పెట్టిన సరస్సు పరిశోధన సంస్థలో చేరారు. ఆవిడది షిగా కాదు. 1950లో సైతమా ప్రాంతంలో హోంజో అనే ఊళ్లో రైతు కుటుంబంలో పుట్టారు. బడి పిల్లల టూర్‌లో వచ్చి మొదటిసారి బివా చూశారు. క్యోతో యూనివర్సిటీలో వ్యవసాయం చదివారు. చదువుకుంటూనే ఆఫ్రికా వెళ్లి, టాంజానియా పల్లెల్లో నీళ్లకి జనం పడే పాట్లు చూశారు. అమెరికాలో విస్కాన్సిన్‌లో ఇంకో చదువు. ఇవన్నీ గబగబా చెప్పేస్తున్నాను, ఎందుకంటే అసలు చదువు ఆవిడ షిగా పల్లెల్లో చదివారు.

సరస్సు పరిశోధన అంటే మిగతావాళ్లు ఏం చేస్తారు? సీసాల్లో నీళ్లు పట్టి, ఫాస్ఫరస్ ఎంత, నైట్రోజన్ ఎంత అని కొలుస్తారు. అది కావాలి, కాదనను. యుకికో వాళ్ల బృందం ఇంకోటి అడిగింది. వందల ఏళ్లు జనం ఈ కాలవ నీళ్లే తాగారు, చచ్చిపోలేదు కదా? ఎలా కాపాడుకున్నారు?

వెళ్లి అడిగితే ఏం తెలిసింది? కాలవ నీళ్లు తాగే ఊళ్లలో పసిపిల్లల మలం గుడ్డలు కాలవలో ఉతికేవారు కాదు. బకెట్లో ఉతికి, ఆ నీళ్లు తీసుకెళ్లి చేలో పోసేవారు. మలమూత్రాలు పొలానికి ఎరువు, నీళ్లలోకి వెళ్లే ప్రశ్నే లేదు. ఎందుకు? కింద ఇంటివాళ్లు అవే నీళ్లు తాగుతారు కాబట్టి. రూలు ఎక్కడైనా రాసి ఉందా? లేదు. అత్తగారు కోడలికి చెప్పేది, అంతే.

సరస్సు పడమటి ఒడ్డున హరియె అనే పల్లె ఉంది. అక్కడ ఇప్పటికీ చూడొచ్చు. ఇంటి వెనకో, వంటింటి పక్కనో భూమిలోంచి ఊట నీళ్లు ఉబికి వస్తుంటాయి. ముందు ఒక చిన్న తొట్టిలో పడతాయి, అవి తాగడానికి, వంటకి. కూరగాయలూ అందులోనే చల్లగా పెట్టుకుంటారు. ఆ తొట్టి పొంగి పక్కన ఇంకో గుంటలోకి పారుతుంది. ఆ గుంటలో చేపలుంటాయి, బొచ్చె లాంటి పెద్ద చేపలు. అన్నం తిన్న గిన్నెలు, కూర గిన్నెలు ఆ గుంటలో పెట్టేస్తే మెతుకులు, జిడ్డు చేపలు తినేస్తాయి. అక్కణ్ణుంచి నీళ్లు కాలవలోకి, కాలవ సరస్సులోకి. ముందు మెట్టు మీద నిలబడి గిన్నె ముంచుతుంటే చేప వచ్చి వేలు కూడా ఓసారి చూసిపోతుంది. ఆ ఇల్లాలికి తన వంటింటి నీళ్లు ఎక్కడికి పోతున్నాయో తెలుసు. మనకి తెలుసా? సింకు కింద పైపు తర్వాత ఏముందో మీలో ఎంతమందికి తెలుసు?

ఇదిగో, ఇక్కడే యుకికో మాట ఒకటి వస్తుంది. దగ్గరి నీళ్లు, దూరపు నీళ్లు. వాగు, బావి, ఊట, ఇవి దగ్గరి నీళ్లు. ఎక్కణ్ణుంచి వస్తాయో కనబడుతుంది, పాడైతే కనబడుతుంది, ఎవరు పాడు చేశారో కూడా కనబడుతుంది. యాభైల్లో, అరవైల్లో కుళాయిలు వచ్చాయి. తర్వాత పెద్ద డ్యాములు, పెద్ద పైపులు, పెద్ద డ్రైనేజీ. నీళ్లు దూరమైపోయాయి. సౌకర్యం పెరిగింది, ఆడవాళ్లకి కడవలు మోసే చాకిరీ తప్పింది, అది చిన్న విషయం కాదు. ఆవిడా ఆ చాకిరీ మళ్లీ రావాలని ఎప్పుడూ అనలేదు. కానీ నీళ్ల గురించి నిర్ణయాలు కూడా నీళ్లతో పాటే దూరమైపోయాయి. ఆఫీసుల్లోకి, ఇంజినీర్ల బల్లల మీదికి, తోక్యోకి వెళ్లిపోయాయి. 1972 నుంచి 1997 దాకా ఒక మహా ప్రాజెక్టు నడిచింది, సరస్సు చుట్టూ గట్లు కట్టి, ఒడ్డుని కాంక్రీటు చేసి, కింది నగరాలకి నీళ్లు సర్దారు. ఒడ్డున రెల్లు పొదలు పోయాయి, వాటిలో గుడ్లు పెట్టే చేపలు పోయాయి.

ఆవిడ జనాన్నే పరిశోధకులుగా చేశారు. ఎనభైల చివర్లో మొదలుపెట్టి, ఊరి కాలవల దగ్గర మిణుగురు పురుగులు ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టమన్నారు. పదేళ్లు లెక్కపెట్టారు, పిల్లలూ పెద్దలూ. మిణుగురు కోసం కాలవ దగ్గరికి వెళ్తే కాలవ ఎలా ఉందో కూడా చూస్తారు, అదీ కిటుకు. 1996లో కుసత్సులో బివా సరస్సు మ్యూజియం తెరిచారు, దాన్ని రూపుదిద్దినవాళ్లలో ఆవిడ ఒకరు. అందులో 1964 నాటి ఒక రైతు ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా నిలబెట్టారు. వంటగది, నీళ్ల తొట్టి, స్నానాల తొట్టి, మరుగుదొడ్డితో సహా. మ్యూజియంలో రాజుల కత్తులు పెడతారు గానీ రైతు మరుగుదొడ్డి ఎవరు పెడతారు చెప్పండి?

సరే, ఈవిడ గవర్నర్ ఎలా అయ్యారు? నీళ్లు తాగండి, నేనూ తాగుతాను.

రైల్వే స్టేషన్ గొడవ. షింకాన్‌సేన్ పేరు వినే ఉంటారు, బులెట్ ట్రైన్. అది షిగా మీదుగానే వెళ్తుంది. అక్కడ మైబారాలో ఒక స్టేషన్ ఉంది. క్యోతోకీ మైబారాకీ మధ్య రిత్తో అనే ఊళ్లో ఇంకో స్టేషన్ కావాలని పెద్దలు ఎప్పట్నుంచో పట్టుబట్టారు. రైల్వే కంపెనీ ఏమంది? కట్టొచ్చు, డబ్బు మీదే అంది. ఖర్చు దాదాపు 2,400 కోట్ల యెన్లు. ఎక్కువ భాగం ప్రిఫెక్చర్, ఆ ఊరి మునిసిపాలిటీ భరించాలి. అప్పటికే ప్రిఫెక్చర్ అప్పుల్లో ఉంది. జనం అడిగారు, "ఇది మాకు అవసరమా? మమ్మల్నే ఓటేసి చెప్పనివ్వండి" అని సంతకాలు పోగుచేశారు. అసెంబ్లీలో తోసిపుచ్చారు. 2006 మేలో శంకుస్థాపన కూడా అయిపోయింది. ఎన్నికలు జూలైలో. అంటే ఏమిటి? కొబ్బరికాయ కొట్టేస్తే ఇక ఎవరూ అడ్డుపడరులే అనుకున్నారు.

యుకికో నిలబడ్డారు. ప్రచారమంతా ఒకే మాట మీద: "మొత్తైనై". వండిన అన్నం పారేస్తుంటే మన ఇళ్లల్లో పెద్దవాళ్లు అయ్యో అంటారు చూశారా, ఆ సందర్భంలో అక్కడివాళ్లు అనే మాట. ఆ స్టేషన్ దండగ, కట్టాలనుకుంటున్న డ్యాములు దండగ. పెద్ద పత్రికలు, పెద్ద పార్టీలు అందరూ పాత గవర్నరే అన్నారు. జూలై 2న ఓట్లు లెక్కపెడితే ఆయన కంటే 32 వేలకు పైగా ఎక్కువ వచ్చాయి ఈవిడకి. ఓటేసింది సగం మంది కూడా కాదు, అదీ చెప్పాలి. అయినా గెలుపు గెలుపే.

గెలిచారు, బాగానే ఉంది. అసెంబ్లీ? నేను మొదట్లో గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, అదే ఇప్పుడు. స్టేషన్ కావాలన్నవాళ్లదే అసెంబ్లీలో బలం. శంకుస్థాపన అయిన పని, కంపెనీతో ఒప్పందం ఉంది, భూములు కొన్నారు. ఎలా ఆపుతారు? ఇక్కడ కోర్టు కూడా కలిసొచ్చింది. స్టేషన్ కోసం రిత్తో మునిసిపాలిటీ తీసుకోబోయిన అప్పు చట్టానికి విరుద్ధమని 2006 సెప్టెంబరులో ఓత్సు జిల్లా కోర్టు తీర్పిచ్చింది. స్థానికులు వేసిన కేసు అది. 2007 ఏప్రిల్‌లో అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి, పెద్ద పార్టీ మెజారిటీ పోగొట్టుకుంది. ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా అదే తీర్పు ఖాయం చేసింది. స్టేషన్ రద్దయింది. అంటే ఒక్కావిడ ఒక్క సంతకంతో ఆపలేదు. ఓటు, కోర్టు, మళ్లీ ఓటు, మూడూ ఒక వరసలో పడ్డాయి. ఇందులో కష్టపడినవాళ్లూ ఉన్నారు, భూములిచ్చి పదేళ్లుగా ఆ స్టేషన్ కోసం కళ్లు కాయలు కాసేలా చూసినవాళ్లు. వాళ్ల కోపంలో న్యాయం లేదని నేననను. తర్వాత ఆ స్థలంలో బ్యాటరీల ఫ్యాక్టరీ వచ్చింది.

ఇక డ్యాములు. దైదో నది మీద కేంద్రం కట్టాలనుకున్న డ్యాము ఒకటి. 2008 నవంబరులో షిగా, క్యోతో, ఒసాకా, మియె, నాలుగు ప్రిఫెక్చర్ల గవర్నర్లు కలిసి "ఇప్పట్లో అక్కర్లేదు" అన్నారు. పై ఊరివాళ్లు, కింది ఊరివాళ్లు ఒక మాట మీదికి రావడం! కృష్ణా జలాల సంగతి తెలిసిన మనకి ఇది ఎంత అరుదో వేరే చెప్పాలా? కేంద్రం ఆ పని పక్కన పెట్టింది. 2010 ఎన్నికల్లో యుకికోకి నాలుగు లక్షల పైచిలుకు ఓట్లు వచ్చాయి, షిగా గవర్నర్ ఎన్నికల్లో అంతకుముందు ఎవరికీ అన్ని రాలేదు.

డ్యాము వద్దంటే వరద వస్తే ఏం చేస్తారు? ఇది అడగాల్సిన ప్రశ్న. అడిగారు కూడా, గట్టిగానే అడిగారు. నా దృష్టిలో ఆవిడ చేసిన అన్ని పనుల్లోకీ గొప్పది దీనికి ఇచ్చిన జవాబు. స్టేషన్ కథ పేపర్లకి నచ్చింది, నాకు మాత్రం ఇదే ముఖ్యం.

షిగాలో నదులు విచిత్రం. కొండల్లోంచి ఇసుక కొట్టుకొచ్చి నది అడుగు పేరుకుంటుంది, గట్టు ఎత్తు పెంచుతారు, మళ్లీ పేరుకుంటుంది, మళ్లీ పెంచుతారు. చివరికి నది ఇళ్ల కప్పుల ఎత్తున పారుతుంది. కుసత్సులో పాత నది కింద సొరంగం తవ్వి రైలు పట్టాలు వేశారు. రైలు కింద, నది పైన! అలాంటి గట్టు తెగితే?

ఆవిడ ప్రభుత్వం ఏం చేసిందంటే, పెద్ద నదులతో ఆగకుండా చిన్న కాలవలు, మురుగు కాలవలు, అన్నీ కలిపి లెక్క కట్టింది. పదేళ్లకోసారి వచ్చే వాన పడితే మీ ఇంటి దగ్గర ఎంత లోతు? వందేళ్లకోసారి వచ్చే వానకి? రెండు వందల ఏళ్లకోసారి వచ్చే వానకి? 2012లో ఆ మ్యాపు బయటపెట్టారు. మీ వీధి, మీ ఇల్లు, ఎంత లోతు మునుగుతుందో అందులో ఉంది. గోల మొదలైంది. "మా స్థలం రేటు పడిపోతుంది", "మమ్మల్ని ముంపువాళ్లని చేస్తారా" అని. మునిసిపాలిటీలు కూడా గొణిగాయి. మరి చెప్పకుండా దాచితే నీళ్లు రాకుండా ఉంటాయా?

మ్యాపుతో ఆగలేదు. 2014 మార్చిలో చట్టం తెచ్చారు. ఆ పెద్ద వానకి మూడు మీటర్లకి మించి మునిగే చోటు ఉంటే, దాన్ని గుర్తించి, అక్కడ కొత్త ఇల్లు కట్టాలన్నా పాతది పడగొట్టి కట్టాలన్నా అనుమతి తీసుకోవాలి. నేల ఎత్తు చెయ్యాలి, లేదా నీళ్లు అందని ఎత్తులో ఒక గదైనా ఉండాలి. పారిపోవడానికి వీల్లేని రాత్రి వేళ ముసలివాళ్లు ఎక్కి కూర్చోవడానికి ఒక గది. అంతే అడిగింది. ఇలా వరద ముప్పు చూసి ఇళ్ల మీద నిబంధన పెట్టిన ప్రిఫెక్చర్ జపాన్‌లో అదే మొదటిది. అసెంబ్లీలో పెద్ద యుద్ధమే జరిగింది. చివరికి జరిమానాల భాగం ప్రస్తుతానికి అమలు చెయ్యమని ఒప్పుకుని పాస్ చేయించుకున్నారు. బేరం. రాజకీయం అంటే అంతే మరి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ ఎన్ని రోజులు నీళ్లలో ఉందో మీకు చెప్పక్కర్లేదు. ఆ బుడమేరు వచ్చి కలిసేది మన కొల్లేరులోనే. అక్కడ ఇల్లు కొన్నవాడికి కొనేటప్పుడు ఎవరైనా మ్యాపు చూపించి, "బాబూ, ఇక్కడ ఇంత లోతు వస్తుంది" అన్నారా? ఎవరు చెప్పాలి? బిల్డరు చెప్తాడా?

ఇప్పుడు చేదు భాగం. ఇది చెప్పకపోతే పూలదండ వేసినట్టవుతుంది, ప్రసంగం అవదు.

2011 మార్చిలో ఫుకుషిమా అణు ప్రమాదం. షిగాకి ఉత్తరాన ఫుకుయిలో వరసగా అణు కేంద్రాలున్నాయి. ఒక కేంద్రం నుంచి షిగా సరిహద్దు 13 కిలోమీటర్లే. కానీ ఆ అణు కేంద్రం ఉన్న చోటు ఫుకుయి కాబట్టి, ఆపేసినదాన్ని మళ్లీ నడపాలా వద్దా అనేదాంట్లో షిగాకి మాట లేదు. ప్రమాదం జరిగి గాలి ఇటు తిరిగితే కోటీ నలభై లక్షల మంది తాగే నీళ్లు ఏమవుతాయి? యుకికో ప్రిఫెక్చర్ తరఫున సొంతంగా లెక్కలు కట్టించారు, గాలిలో రేడియేషన్ ఎటు పోతుందని. మాకూ మాట ఉండాలని కొట్లాడారు. తర్వాత? 2012 మే చివర్లో, ఎండాకాలం కరెంటు చాలదన్న ఒత్తిడిలో, ఒసాకా గవర్నర్‌గా చేసి అప్పటికి మేయర్‌గా ఉన్న హషిమోతో తోరుతో పాటు ఆ ప్రాంతం నాయకులంతా ఫుకుయిలోని ఓయి అణు కేంద్రంలో రెండు రియాక్టర్లు పరిమితంగా నడపడానికి సరే అన్నారు. ఈవిడ కూడా. నమ్మినవాళ్లకి అది గట్టి దెబ్బ.

ఆ నవంబరులో ఇంకో అడుగు. పార్లమెంటు ఎన్నికలకి మూడు వారాలు కూడా లేవు, అణు విద్యుత్తు నుంచి బయటపడదాం అంటూ జాతీయ పార్టీ పెట్టారు, నిప్పొన్ మిరాయి నో తో, అంటే జపాన్ భవిష్యత్తు పార్టీ. ఒజావా ఇచిరో అనే తల పండిన నాయకుడు తన మనుషులందరితో వచ్చి అందులో కలిశాడు. ఎవరు ఎవర్ని వాడుకున్నారో మీరే ఊహించుకోండి. అరవైకి పైగా సిట్టింగులతో దిగితే తొమ్మిది సీట్లు మిగిలాయి. ఏడాది తిరగకుండానే, ఆ డిసెంబరు చివరికే పార్టీ రెండు ముక్కలు. షిగా అసెంబ్లీ "రెండు పడవల మీద కాళ్లు వద్దు" అన్న అర్థంలో తీర్మానం చేసింది. ఆవిడ పార్టీ పదవి వదిలేశారు. ఊరూరూ తిరిగి ముసలమ్మల మాట విన్న మనిషి, తోక్యోలో మూడు వారాల్లో పార్టీ నడపగలననుకోవడం ఏమిటి? దూరపు నీళ్లు ఎంత ప్రమాదమో ఆవిడ కంటే బాగా ఎవరికి తెలుసు? ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోవచ్చు.

2014లో మూడోసారి నిలబడలేదు. ఆవిడ మద్దతిచ్చిన మికజుకి తైజో గెలిచారు. 2017లో పార్లమెంటు దిగువ సభకి పోటీ చేసి ఓడిపోయారు. 2019లో షిగా నుంచే ఎగువ సభకి గెలిచారు, స్వతంత్రంగా నిలబడి, ప్రతిపక్షాల మద్దతుతో.

మరి ఆవిడ చేసినవి నిలిచాయా? స్టేషన్ రాలేదు. దైదో డ్యాము? అదే 2019లో, ఆవిడ చేయి పట్టుకుని గెలిచిన మికజుకి, దేశమంతా భారీ వరదలు చూసిన తర్వాత, ఆ డ్యాము కావాలన్నారు. తర్వాత కేంద్రం మళ్లీ కదిలింది. వరద చట్టం మాత్రం అలాగే ఉంది. ముంపు ప్రాంతాలని ఒక్కొక్కటిగా గుర్తిస్తున్నారు, ఊరివాళ్లతో కూర్చుని, ఆ మ్యాపు బల్ల మీద పరిచి, "పోయినసారి వరద మీ ఇంట్లో ఎక్కడిదాకా వచ్చింది" అని అడుగుతూ. నెమ్మదిగా నడుస్తోంది, చాలా నెమ్మదిగా. సంతకం పెట్టమంటే వద్దనే ఊళ్లూ ఉన్నాయి.

నేను అనుకున్నదానికంటే ఎక్కువసేపే మాట్లాడాను. ఇప్పుడు ప్రశ్నలు. ఇందాక మ్యాపు గురించి చెప్తుంటే ఆ మూల నుంచి ఒకమ్మ చెయ్యెత్తారు, నేనే ఆపాను. అమ్మా, మైకు మీ దగ్గరికి వస్తుంది, అడగండి.